అవ్వ పెరుగన్నం, మారు బీగంచెవి

మా ఊర్లో దేవర (అమ్మవారి జాతర) అయిపోయి నెల దాటింది, కడుపు కూడా కుదుటపడింది. కానీ ఆ రోజు మా అవ్వ అన్న మాట ఒకటి నన్ను వదలడం లేదు. అందుకే ఇది రాస్తున్నా.

ఎమ్మిగనూరు దగ్గర మా ఊరు. దేవరంటే ఎక్కడెక్కడి చుట్టాలూ దిగుతారు, మేమూ కర్నూలు నుంచి బస్సెక్కి పోయాం. బుధవారం రాత్రి పొట్టేలు కూర. మా చిన్నాయన ముప్పై మంది వస్తారంటే అరవై మందికి వండించే రకం కాబట్టి మిగిలింది. అంత పెద్ద గుండిగలో సగానికి పైగా కూర ఉంటే ఎవరికి పారేయబుద్ధి అవుతుంది? మూతపెట్టి వసారాలో పెట్టేశారు. గురువారం మధ్యాహ్నం దాన్నే గోరువెచ్చగా చేసి, సంగటి ముద్దలో గుంట చేసి పోసుకుని తిన్నాం. నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే మనిషిని. గుండిగ రాత్రంతా వసారాలోనే ఉందని నాకు తెలుసు. అయినా తిన్నా, రెండోసారి కూడా వేయించుకున్నా. ఇది ముందే ఒప్పుకుంటే తర్వాత రాసేదానికి కాస్త మర్యాద మిగులుతుంది.

శుక్రవారం తెల్లవారుజామున మూడు గంటలకు మొదలైంది. వాంతులు, బేదులు, కొందరికి జ్వరం. వరసపెట్టి పధ్నాలుగు మంది, ఇంట్లో బాత్రూం ఒక్కటే, ఆ అవస్థ నేను వర్ణించను. ఆ పధ్నాలుగు మందిలో ఏడో నెల కడుపుతో ఉన్న మా చెల్లెలు కూడా ఉంది. మా టెన్షన్ అంతా ఆమె గురించే. రెండు ఆటోలు మాట్లాడుకుని టౌనుకు పోయి, ఓ నర్సింగ్ హోంలో అందరం సెలైన్లు ఎక్కించుకున్నాం.

మా అవ్వకు మాత్రం ఏమీ కాలేదు. ఎనభై దాటిన మనిషి, నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని వార్డంతా వినపడేలా అంది: "మీకంతా సైన్సు గదరా! నేను మూడు పూటలా పెరుగన్నం తినేదాన్ని. పెరుగు తిన్న కడుపును ఏ పురుగూ ముట్టుకోదు."

చేతికి సూది ఉన్నా, కళ్లు గుంటలు పడినా, మా వాళ్లందరూ తలూపారు. నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. "అవ్వా, నువ్వు గురువారం నీసు ముట్టవు గదా, రాఘవేంద్రస్వామి మొక్కు. కూర తినని మనిషికి కూర వల్ల రోగం ఎట్లొస్తుంది?" అన్నా. అవ్వ ఏమీ అనలేదు. కొంగు సర్దుకుని బయటికి పోయింది. గెలిచా అనుకున్నా.

పిల్లలకు కంట్రోల్ గ్రూప్ గురించి చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ మంచి ఉదాహరణ దొరికేది కాదు, ఇప్పుడు దొరికింది. పెరుగు వల్ల తప్పించుకుందా, కూర తినకపోవడం వల్ల తప్పించుకుందా తేలాలంటే కూర తిని పెరుగూ తిన్నవాళ్లు కొందరు, కూర తిని పెరుగు తిననివాళ్లు కొందరు కావాలి. మా పధ్నాలుగు మందిలో పెరుగన్నంతో ముగించనివాడు ఒక్కడు లేడు. రాయలసీమ ఇంట్లో మజ్జిగో పెరుగో లేకుండా చెయ్యి కడుక్కుంటారా ఎవరన్నా? అందరం పెరుగు తిన్నాం, అందరం పడ్డాం.

అసలు మమ్మల్ని పడేసిన క్రిమి ఏదో ఇప్పటికీ తెలీదు. జ్వరం వచ్చింది కాబట్టి సాల్మొనెల్లా కావచ్చు. పెద్ద గుండిగలో మాంసం మెల్లగా చల్లారింది కాబట్టి క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ కావచ్చు, ఎందుకంటే దాని స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే రూపాలు, ఉడికినా చావవు, కూర వెచ్చవెచ్చగా ఉన్నప్పుడు పది నిమిషాల్లోపే ఒకటి రెండవుతుంది, రాత్రంతా వసారాలో ఉంటే ఇక లెక్కేసుకోండి. మలం పరీక్షకు పంపితే తెలిసేది. పంపమని అడిగితే "ఎందుకు సార్, తగ్గిపోతుంది కదా" అన్నారు. తగ్గింది, నిజమే. కానీ బిల్లులో యాంటీబయాటిక్ ఉంది, దాని పక్కనే ఒక్కొక్కరికి పది చొప్పున ప్రోబయోటిక్ సీసాలు, అంటే బతికున్న మంచి బ్యాక్టీరియా ఉన్నవి, ఉన్నాయి, ఆ చిన్న ప్లాస్టిక్‌వి, మూత తిప్పి నోట్లో పోసుకునేవి. పధ్నాలుగు పదులు నూటనలభై సీసాలు. అవ్వ పెరుగు సిద్ధాంతమే, కాకపోతే జీఎస్టీతో.

అవి పనికిరావని నేననడం లేదు. వేటికి, ఎవరికి, ఏ రకం బ్యాక్టీరియా అనేది అడక్కుండా అందరికీ అదే పోయడం మీదే నా కోపం. 2018లో అమెరికాలో ఒకటి, కెనడాలో ఒకటి, రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. వాంతులు, బేదులతో ఎమర్జెన్సీకి వచ్చిన చిన్న పిల్లల్లో సగం మందికి లాక్టోబాసిలస్ అనే మంచి బ్యాక్టీరియా ఉన్న మందు, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. రెండు ట్రయల్స్‌లో కలిపి 1,800 మందికి పైగా పిల్లలు. తేడా కనిపించలేదు, రెండు గుంపులూ ఒకే తీరున కోలుకున్నాయి. ఆ పిల్లల్ని నిలబెట్టేది ఏదంటే ఎప్పటి నుంచో ఉన్నదే, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బెంగాల్లోని బన్‌గావ్‌లో, సెలైన్ సీసాలు అయిపోయిన సమయంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు డ్రమ్ముల్లో కలిపి తాగించినవి అవే. మా చెల్లెలికి కూడా ముందు అవే తాగించాం.

ఆ రాత్రి ఆమె మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో లిస్టీరియా అనే క్రిమి గురించి చదవడం మొదలుపెట్టా. మా చెల్లెలికి వచ్చింది లిస్టీరియా అని కాదు, అంత తొందరగా, అంత మందికి ఒకేసారి బేదులు పట్టిందంటే అది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. కానీ కడుపుతో ఉన్నవాళ్ల విషయంలో మైక్రోబయాలజీ చదివినవాడికి మొదట గుర్తొచ్చే భయం అదే. తల్లికి కొంచెం జ్వరం, ఒళ్లునొప్పులు, అంతకు మించి ఉండకపోవచ్చు, బిడ్డ మాత్రం దక్కకపోవచ్చు. పైగా ఫ్రిజ్‌లో పెట్టినా పెరిగే క్రిమి అది. 2017, 18లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే మాంసం ఉత్పత్తి ద్వారా పాకి వెయ్యి మందికి పైగా జబ్బుపడ్డారు, 200 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది నెల కూడా నిండని పసిబిడ్డలు. అలా చదువుతూ చదువుతూ అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీలో అరుణ్ భూనియా ల్యాబ్ వాళ్ల పేపర్ దగ్గర ఆగిపోయా. 2020లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది. అవ్వ మాటకు జవాబు అందులో ఉందనిపించింది.

మన పేగు లోపలి గోడ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడ్డ కణాల వరస. ఆ కణాల మధ్య సందులు మూసి ఉంటాయి. లిస్టీరియా ఒంటి మీద ల్యాప్ అనే ప్రొటీన్ ఒకటి ఉంటుంది, అది పోయి పేగు కణం మీదున్న హెచ్ఎస్‌పీ60 అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. బీగంలో చెవి పడ్డట్టే. పడగానే ఏమవుతుందంటే కణం లోపల ఒక గొలుసు కదిలి, పక్క కణంతో ఉన్న పట్టు వదులవుతుంది, సందు తెరుచుకుంటుంది, లిస్టీరియా అందులోంచి జారుకుని రక్తంలోకి, కాలేయానికి, మెదడుకు, కడుపులో బిడ్డకు చేరుతుంది. అంటే అది గోడ పగలగొట్టే దొంగ కాదు. మనతోనే తలుపు తీయించే దొంగ.

ఇప్పుడు మామూలు లాక్టోబాసిలస్ పరిస్థితి చూడండి. మంచిదే, ఎవరి జోలికీ పోదు. కానీ దానికి ఆ బీగంతో సంబంధమే లేదు. అది పేగులో ఉంటే ఉంటుంది, నాలుగు రోజులకు పోతుంది. దొంగ వచ్చి దాని పక్కనుంచే పోయి తలుపు తీసుకుంటాడు. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి లాంటిది, మర్యాదకు పనికొస్తుంది గానీ కాపలాకు కాదు. ఆ ల్యాబ్‌లో మామూలు లాక్టోబాసిలస్ కేసీ తాగించిన ఎలుకలకు లిస్టీరియా నుంచి పెద్దగా రక్షణ దొరకలేదు.

వాళ్లు చేసిన పని ఏమిటంటే, ఆ దొంగ చెవికి మారుచెవి చేయించి మంచివాడి చేతికిచ్చారు. లిస్టీరియాల్లో రోగం కలిగించని చుట్టం ఒకటుంది, లిస్టీరియా ఇన్నోక్వా అని. దాంట్లోనూ ఈ ల్యాప్ ప్రొటీన్ ఉంటుంది. దాని జన్యువును తీసి లాక్టోబాసిలస్ కేసీలో పెట్టారు, ఇప్పుడు దాని ఒంటి మీద ల్యాప్ మొలిచింది. ఎలుకలకు పది రోజులు తాగించి, ఆ తర్వాత లిస్టీరియా ఇచ్చారు. ఈ మారిన లాక్టోబాసిలస్ ముందే పోయి బీగాలన్నిట్లో చెవులు దూర్చుకుని కూర్చుంది. లిస్టీరియా వచ్చేసరికి ఖాళీ బీగాలు తక్కువ. ఎలుకల కాలేయానికీ ప్లీహానికీ చేరిన క్రిములు బాగా తగ్గాయి, చంపేంత మోతాదు ఇచ్చినా ఎక్కువ ఎలుకలు బతికాయి.

చదువుతుంటే నాకొచ్చిన మొదటి అనుమానం మీకూ వచ్చే ఉంటుంది. బీగంలో చెవి పెడితే తలుపు తెరుచుకుంటుంది కదా, మంచివాడు పెట్టినా తెరుచుకోవాలి కదా? వాళ్లూ అది చూశారు. తెరుచుకోలేదు, పైగా లిస్టీరియా వచ్చినా పేగు గోడ పట్టు నిలిచింది. అంతేకాదు, పేగు గోడకు అంత దగ్గరగా అతుక్కుని ఉండటం వల్ల అక్కడి రోగనిరోధక కణాలు కూడా కదిలాయట. అంటే కాపలావాడు బీగానికి అడ్డం పడటమే కాదు, ఊరినీ లేపాడు. మామూలు లాక్టోబాసిలస్ దూరంగా ఉంటుంది కాబట్టి ఇది దానివల్ల కాలేదు. దగ్గరితనంలోనే ఉంది కిటుకంతా, పేపర్ మొత్తంలో నాకు నచ్చింది అదే.

మర్నాడు పొద్దున ఇదంతా చిన్నాయనకు చెప్పా. పక్క మంచమే ఆయనది, సెలైన్ ఎక్కుతోంది, పారిపోయే దారి లేదు. ఆయన నంద్యాల వైపు కొన్నేళ్లు సీడు పత్తి చేసినవాడు, బీటీ అంటే ఏమిటో పాఠంలో కాదు చేల్లో చూసినవాడు. మొత్తం విని, "అంటే మన పత్తిలో పెట్టినట్ల ఒక పురుగుది తీసి ఇంకోదాంట్లో పెట్టడమే గదా?" అన్నాడు. అవును చిన్నాయనా, బీటీ పత్తిలోనూ బ్యాక్టీరియా జన్యువే, పురుగును చంపే విషం తయారుచేసేది అన్నా. ఆయన కాసేపు పైన ఫ్యాన్ చూసి, "మరి గులాబీ పురుగు మాదిరి అది కూడా మర్లబడితే?" అన్నాడు.

నా ఎమ్మెస్సీ వైవాలో కూడా ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మొదట్లో కాయతొలుచు పురుగుకు మందు కొట్టే పని తగ్గింది, మా ఊర్లో ఆ సంవత్సరాల్లో కొత్త ట్రాక్టర్లు దిగాయి. తర్వాత మెల్లగా గులాబీ రంగు పురుగు ఆ విషానికి అలవాటుపడిపోయింది, ఇప్పుడు గింజకు గింజ డబ్బూ పోతుంది, పురుగుల మందుకు మందు డబ్బూ పోతుంది. చంపే ఆయుధం ఏది పెట్టినా చావని ఒకటి మిగులుతుంది, మిగిలిందే పిల్లల్ని పెడుతుంది. యాంటీబయాటిక్‌లదీ ఇదే కథ.

చిన్నాయనకు నేను చెప్పింది రెండు ముక్కలు. ఒకటి, ఈ మారుచెవి పద్ధతి క్రిమిని చంపదు, అడ్డం నిలబడుతుంది, కాబట్టి చావని దాన్ని ఏరి పెంచే ఒత్తిడి అంతగా ఉండదు. రెండోది ఆయన పక్షాన, లిస్టీరియా దగ్గర ఈ చెవి ఒక్కటే లేదు. ఇంటర్నలిన్ అనే ఇంకో ప్రొటీన్ ఉంది, అది వేరే తలుపుకు పోతుంది, ఈ-కాడ్‌హెరిన్ అనే తలుపు. ముందు వాకిలికి కాపలా పెడితే దొడ్డివాకిలి ఉండనే ఉంది. "చూసినావా" అన్నాడు చిన్నాయన, గుడ్డిగా కాదు, నిజంగానే అర్థమై.

దొడ్డివాకిలి సమస్య లేని ఉపాయం ఇంకొకటుంది, అది నాకు దీనికన్నా ఇష్టం. ఆస్ట్రేలియాలో అడిలైడ్ యూనివర్సిటీ వాళ్లు, జేమ్స్ పాటన్, ఎడ్రియెన్ పాటన్, రెనాటో మొరోనా, 2000లో నేచర్ మెడిసిన్‌లో రాశారు. ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియాలో కొన్ని రకాలు షిగా టాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. సరిగా ఉడకని మాంసం ద్వారా వస్తాయి, పిల్లల్లో కిడ్నీలు దెబ్బతినేదాకా పోతుంది. దీనికి యాంటీబయాటిక్ ఇస్తే క్రిమి చస్తూ ఇంకా విషం కక్కే ప్రమాదం ఉందని డాక్టర్లు వెనకాడతారు. ఆ విషం మన కణాల మీదున్న ఒక చక్కెర గొలుసును చూసి అతుక్కుంటుంది. వీళ్లేం చేశారంటే, హాని చేయని ఈ.కోలైలోకి జన్యువులు పెట్టి, సరిగ్గా అలాంటి చక్కెర గొలుసే దాని ఒంటి మీద వచ్చేట్టు చేశారు. పేగులో విషం తిరుగుతుంటే ఇది జిగురుకాగితంలా పట్టేసుకుంటుంది, విషం కణాల దాకా పోదు. ఎలుకలు బతికాయి. చిన్నాయన ప్రశ్నకు దీంట్లో జవాబు ఉంది. విషం ఈ ఎరను తప్పించుకునేట్టు మారిందంటే మన కణాల మీది అసలు గొలుసును కూడా పట్టుకోలేదు, అప్పుడు అది విషమే కాదు. మారితే చెడుతుంది, మారకపోతే చిక్కుతుంది.

ఈ.కోలై అంటేనే చెడ్డది అనుకునేవాళ్లకు ఒక మాట. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, జర్మనీలో ఆల్ఫ్రెడ్ నిస్లే అనే డాక్టర్ ఒక సైనికుణ్ణి గమనించాడు. చుట్టూ ఉన్నవాళ్లందరూ బేదులతో పడిపోతే అతనికి ఏమీ కాలేదు. మా అవ్వ లాగా అన్నమాట. నిస్లే "నీకన్నీ తెలుసులే" అనిపించుకుని ఊరుకోకుండా అతని మలం నుంచి ఈ.కోలైని వేరు చేశాడు. అది ఈ రోజుకీ జర్మనీలో మందుగా అమ్ముతున్నారు, ఈ రంగంలో జన్యువులు మార్చేవాళ్లకు ఇష్టమైన బ్యాక్టీరియా కూడా అదే. సాల్మొనెల్లా పేగును మండించినప్పుడు పుట్టే టెట్రాథయొనేట్ అనే పదార్థాన్ని వాసన పట్టి, అప్పుడు మాత్రమే క్రిమిని చంపే చిన్న ప్రొటీన్‌ను వదిలేలా నిస్లే వేరు చేసిన ఆ ఈ.కోలైని మార్చినవాళ్లు ఉన్నారు. అవసరం లేనప్పుడు నోరు మూసుకుని ఉంటుంది. ఇలాంటి మనుషులు కూడా ఉంటే బాగుండు.

ఇక అవ్వ వైపు న్యాయం కూడా చెప్పాలి. 2018లో అమెరికాలో జేమ్స్ కాలిన్స్ బృందం కలరా మీద చేసిన పనిలో లాక్టోకాకస్ లాక్టిస్ వాడారు. అది పాలు పులియబెట్టే బ్యాక్టీరియా, పెరుగు, మజ్జిగ, జున్ను లోకానికి చెందినది. జన్యువులేమీ మార్చని మామూలు రకాన్ని ఎలుక పిల్లలకు కలరా క్రిమితో పాటు పట్టిస్తే కూడా ఎక్కువ పిల్లలు బతికాయి, ఎందుకంటే అది వదిలే లాక్టిక్ ఆమ్లం అంటే కలరా క్రిమికి పడదు. పులుపుకు చచ్చే క్రిమికి పులుపే మందు. దానికి తోడు అదే బ్యాక్టీరియాను మార్చి, కలరా క్రిమి సంకేతం తగిలితే ఒక ఎంజైమ్ వదిలేట్టు చేశారు, ఆ ఎంజైమ్ ఉందో లేదో రంగు మార్పుతో మలంలో చూసుకోవచ్చు. అంటే అదే కాపలా, అదే డప్పు. కాబట్టి అవ్వా, నీ మాట కలరా విషయంలో కొంత నిజం, ఎలుక పిల్లల్లో. పొట్టేలు కూర విషయంలో కాదు.

ఇంట్లో తోడేసిన పెరుగును ప్రోబయోటిక్ అనొచ్చా అని పిల్లలు అడుగుతుంటారు. పెరుగు మంచిదే, నేను రోజూ తింటా. కానీ ప్రోబయోటిక్ అని అమ్మాలంటే ఏ రకం బ్యాక్టీరియానో పేరుతో సహా తెలియాలి, మన దేశపు ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం రోజు మోతాదులో 10 కోట్లకు తగ్గకుండా బతికి ఉండాలి. అవ్వ కుండలో ఏవి ఉన్నాయో, ఎన్ని ఉన్నాయో, తోడు పక్కింటి నుంచి తెచ్చినప్పుడల్లా మారిపోతుంది. అది చెడ్డదని కాదు, దాని గురించి ఒక్క మాటతో తీర్పు చెప్పలేం, అంతే.

ఇక అందరూ అడిగేది, ఇవి ఎప్పుడొస్తాయి? పర్‌డ్యూ పనీ, అడిలైడ్ పనీ, కలరా పనీ, నేను చెప్పినవన్నీ ఎలుకల దగ్గరివే. బతికున్న బ్యాక్టీరియాను మార్చి మనిషి కడుపులోకి పంపితే అది మరుగుదొడ్డి గుండా బయటి లోకంలోకి వస్తుంది, మా ఊరి కాలువ నుంచి తుంగభద్రలోకీ వస్తుంది. దాంట్లో పెట్టిన జన్యువు పక్కవాటికి అంటుకుంటే? ల్యాబ్‌లో జన్యువు ఎక్కిందో లేదో చూసుకోవడానికి మామూలుగా యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువును కూడా కలిపి పెడతారు, దాంతో బజారుకు తేలేం, అది తీసేయాలి. దీనికి మంచి దారి చూపించింది బెల్జియంలోని లోథర్ స్టైడ్లర్ బృందం. జబ్బు వేరు, పేగు వాపు జబ్బు, బ్యాక్టీరియా మళ్లీ లాక్టోకాకస్ లాక్టిసే. 2003లో వాళ్లు దాంట్లో థైమిడిన్ తయారుచేసుకునే జన్యువును తీసేసి, సరిగ్గా ఆ చోటే మందు జన్యువును పెట్టారు. డీఎన్ఏ కట్టుకోవడానికి థైమిడిన్ కావాలి, బయట అది దొరకదు, కాబట్టి బయటికొచ్చాక చచ్చిపోతుంది. పక్క బ్యాక్టీరియా నుంచి పోయిన జన్యువును తిరిగి తెచ్చుకుంటే? అప్పుడు అదే చోటున్న మందు జన్యువు ఎగిరిపోతుంది, మళ్లీ మామూలు మజ్జిగ బ్యాక్టీరియా అయిపోతుంది. రెండు వైపులా బిగించిన ముడి. 2006లో అమ్‌స్టర్‌డామ్‌లో పది మంది రోగుల మీద పరీక్షించారు, రోగులకు హాని కాలేదు, బయట అనుకున్నట్టే చచ్చింది.

మన దగ్గర ఇలాంటిది రావాలంటే 1989 నిబంధనల కింద కేంద్ర పర్యావరణ శాఖలోని జీఈఏసీ, అంటే జన్యుమార్పిడి చేసినవాటిని పరిశీలించే కమిటీ, గడప తొక్కాలి. బీటీ వంకాయ ఆ గడప దాటినా, మంత్రి ఆపేయడంతో 2010 నుంచి ఆగిపోయి ఉంది. తినే వంకాయకే అంత గొడవైతే తాగే బ్యాక్టీరియాకు ఎంతవుతుందో ఊహించుకోండి. నా మట్టుకు నేను ఆ గొడవ జరగాలనే అంటా. పత్తి విషయంలో తర్వాత పడ్డ గొడవ ముందే పడి ఉంటే చిన్నాయనకు కొంచెం అప్పు తగ్గేది.

జన్యువులు మార్చకుండానే, సరైన రకాన్ని ఓపిగ్గా వెతికితే ఏమవుతుందో మన ఒడిశాలోనే జరిగింది. పినాకీ పాణిగ్రాహి బృందం లాక్టోబాసిలస్ ప్లాంటారమ్‌లో ఒక ప్రత్యేక రకాన్ని, దానికి మేత లాంటి ఒక చక్కెరతో కలిపి, పల్లెల్లో పుట్టిన పసిబిడ్డలకు వారం రోజులు పట్టించింది. రెండు కిలోలకు తగ్గని బరువున్న బిడ్డలు, మొత్తం 4,500 మందికి పైగా, సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తిది. రెండు నెలలు చూస్తే సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్) గానీ చావు గానీ ఉత్తుత్తి మందు గుంపులో నూటికి 9, అసలు మందు గుంపులో నూటికి 5.4. 2017లో నేచర్‌లో వచ్చింది. ఒక రకం, ఒక మోతాదు, ఒక వయసు, ఒక జబ్బు అని గీత గీసి అడిగితే జవాబు వచ్చింది. మా బిల్లులోని నూటనలభై సీసాలకు ఆ గీత ఏదీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వేసిన అంచనా ప్రకారం ఏటా 60 కోట్ల మంది తిండి వల్ల జబ్బుపడుతున్నారు, 4,20,000 మంది పోతున్నారు. మా పధ్నాలుగు మందిని ఎవరూ లెక్కలో వేసుకోలేదు, పరీక్షే చేయలేదు కదా.

చెల్లెలు బాగుంది. స్కాన్ తీయించాం, బిడ్డ కదులుతోంది. చిన్నాయన వచ్చే దేవరకు కూరను లోతు లేని పళ్లాల్లోకి పంచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిస్తానన్నాడు, ఆ తర్వాత ఊర్లో అంత పెద్ద ఫ్రిజ్ ఎవరింట్లో ఉందని ఆలోచనలో పడ్డాడు.

మొన్న ఆదివారం మళ్లీ ఊరికి పోయా. ఇదంతా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్తున్నా, కంట్రోల్ గ్రూప్ దగ్గరికొచ్చి, "అవ్వ గురువారం కూర ముట్టలేదు కాబట్టి" అంటుండగా చిన్నాయన మనవడు, ఆరేళ్లవాడు, మధ్యలో అందుకున్నాడు. "తినింది. పెరట్లో గచ్చు మీద కూర్చుని తినింది. నాకూ ఒక బొక్క ఇచ్చి ఎవరికీ చెప్పొద్దనింది."

అందరం అవ్వ వైపు చూశాం. అవ్వ వక్కాకు నములుతూ, "నాలుగు ముక్కలే గదరా" అంది. "స్వామికి నేను చెప్పుకున్నాలే. నాలుగు ముక్కలు తిన్నా నాకేమన్నా అయిందా? మరి పెరుగు గాక ఏందిరా కాపాడింది?"